స్కానర్ మధ్యలో ఆగితే లెక్క ఏమవుతుంది?

హోస్ట్: నమస్కారం. గోడౌన్లలో బార్‌కోడ్ కొట్టే హ్యాండ్‌హెల్డ్ మిషన్లకి యాప్‌లు రాసే అక్క ఈ రోజు మనతో ఉన్నారు. అక్కా, స్టాక్ లెక్క మధ్యలో ఫోనొస్తుంది. మాట్లాడి మళ్ళీ యాప్‌లోకి వస్తాం. ఇందులో కష్టమేముంది?

గెస్ట్: స్క్రీన్ తిరిగి రావడం తేలికే, తిరిగి రానిది స్కానర్. లోపలుండే స్కాన్ ఇంజిన్ ఒక్కటే కదా. ఒక యాప్ పట్టుకుని వదలకపోతే ఇంకోదానికి దొరకదు. అందుకే ఆండ్రాయిడ్‌లో ఆన్‌పాజ్, అంటే యాప్ వెనక్కెళ్తోందన్న కబురు, రాగానే స్కానర్‌ని వదిలేయాలి. ఆన్‌రెజ్యూమ్‌లో, అంటే యాప్ మళ్ళీ ముందుకొచ్చినప్పుడు, తిరిగి తీసుకోవాలి.

హోస్ట్: వదలకపోతే?

గెస్ట్: ఇంకో యాప్‌లో ట్రిగ్గర్ నొక్కినా లైట్ వెలగదు. మిషన్ పోయిందంటూ సూపర్‌వైజర్ దగ్గరికి పట్టుకెళ్తారు. జీబ్రా కంపెనీ మిషన్లలో స్కానింగ్ చూసుకునే డేటావెడ్జ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఏ యాప్ ముందుంటే దాని ప్రొఫైల్‌కి, అంటే ఆ యాప్ కోసం పెట్టిన స్కాన్ సెట్టింగ్‌లకి, తనంతట తానే మారిపోతుంది. కానీ ప్రొఫైల్ కట్టని యాప్‌లన్నిటికీ ప్రొఫైల్ జీరో అనే డిఫాల్ట్ వర్తిస్తుంది. అది కోడ్‌ని టైప్ చేసినట్టు పంపేస్తుంది. చాట్ తెరిచి ఉండగా చెయ్యి ట్రిగ్గర్ మీద పడిందనుకో, సరుకు బార్‌కోడ్‌లోని, 890తో మొదలయ్యే 13 అంకెలూ చాట్ బాక్స్‌లో ప్రత్యక్షం!

హోస్ట్: (నవ్వు) ఆండ్రాయిడ్‌కి ముందు విండోస్ సీఈ మీద నడిచిన పాత మిషన్లలో ఈ గొడవ లేదేమో?

గెస్ట్: వాటిది ఇంకో రకం గొడవ. పవర్ బటన్ నొక్కితే ప్రాసెసర్ ఆగిపోతుంది, ర్యామ్‌కి మాత్రం కరెంటు అందుతూనే ఉంటుంది. మళ్ళీ నొక్కితే ప్రోగ్రాం ఆగినచోటి నుంచే నడుస్తుంది. నిద్రపోయిన సంగతే దానికి తెలియదు! ఈలోపు వైఫై తెగిపోయి, సర్వర్ కనెక్షన్ మూసేసి ఉంటుంది. యాప్ మాత్రం చచ్చిన కనెక్షన్‌లోకే డేటా తోస్తూ కూర్చుంటుంది.

హోస్ట్: మరి లెక్క పోకుండా ఎలా?

గెస్ట్: సేవ్ చేసే పని ఆన్‌పాజ్‌కి వదలొద్దంటాను. ఆన్‌పాజ్ క్షణంలో అయిపోతుంది. వెనక్కెళ్ళిన యాప్‌ని మెమరీ చాలకపోతే ఆండ్రాయిడ్ చెప్పాపెట్టకుండా చంపేస్తుంది కూడా. బీప్ మోగిన ప్రతిసారీ ఆ లైన్ మిషన్‌లోని డేటాబేస్‌లో పడాలి. దానికో ప్రత్యేక ఐడీ ఇవ్వాలి. నెట్ వచ్చాక అదే లైన్ మళ్ళీ పంపినా, ఆ ఐడీ చూసి సర్వర్ రెండోదాన్ని పక్కన పెడుతుంది. ఇది లేకపోతే ఒకే కార్టన్ రెండుసార్లు స్టాక్‌లోకి ఎక్కుతుంది. ఆ తేడా పట్టుకోవడం నరకం, నిజంగా.

హోస్ట్: షిఫ్ట్ మధ్యలో బ్యాటరీ మార్చాల్సి వస్తే?

గెస్ట్: మోడల్‌ని బట్టి ఉంటుంది. జీబ్రా టీసీ52 అయితే పవర్ మెనూలో బ్యాటరీ స్వాప్ ఎంచుకోవాలి, ఎల్‌ఈడీ ఆరేదాకా ఆగి అప్పుడు తీయాలి. చాలామంది టక్కున పీకేస్తారు, మిషన్ మళ్ళీ మొదటి నుంచి బూట్ అవుతుంది. కొత్త బ్యాటరీ కూడా ముందే చేతిలో పెట్టుకోండి. తీరిగ్గా వెతుక్కుంటూ పోతే మధ్యలో ఆపి ఉంచిన పని కూడా పోతుంది.