మేకును లేపేది గుర్రమే: టెంట్ పెగ్గింగ్ తొలి పాఠం

అందరికీ నమస్కారం.

మీలో చాలామందికి సొంత గుర్రం ఉంది. కాంటర్‌లో, అంటే మోస్తరు పరుగులో, కుదురుగా కూర్చోగలరు. ఇక చేతికి బల్లెం ఎప్పుడిస్తారా అని చూస్తున్నారు. దాన్ని కాసేపు గోడకే ఆనించి ఉంచుదాం. టెంట్ పెగ్గింగ్, అంటే నేజాబాజీ, పరిగెత్తే గుర్రం మీద నుంచి నేలలోని మేకును బల్లెంతో పెరికే ఆట. దూరం నుంచి చేతివాటం ఆటలా కనిపిస్తుంది. నిజానికి నేలలో పాతిన మేకును పెరికేది గుర్రం వేగం. మొనను సరైన ఎత్తులో, సరైన గీత మీద ఉంచడమే మన పని. పొడవబోయినవాడికి మేకు దొరకదు.

రౌతులు అర్ధరాత్రి శత్రువుల శిబిరం మీద పడి, డేరా మేకులు పెరికి, గుడారాలు వాళ్ల మీదే కూల్చేవారని, ఈ ఆట అలా పుట్టిందని ఒక కథ ఉంది. వినడానికి బాగుంటుంది గానీ దానికి గట్టి ఆధారం లేదు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఈ ఆట ఉంది, వ్యక్తిగత స్వర్ణం మన దేశానికే వచ్చింది. మన తెలుగు నేలకూ బల్లెపు రౌతులు కొత్త కాదు. ఢిల్లీ తీన్ మూర్తి దగ్గరి మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సర్లది.

ఇక గుర్రం దగ్గరికి వద్దాం. అది బెదిరేది బల్లెం మొనకు కాదు, తన కుడికంటి పక్కన ఊగే పొడవాటి నీడకు. అందుకని ముందు జీను లేకుండా, నేల మీదే పరిచయం చేయాలి. ఆరేడు అడుగుల వెదురు కర్ర తీసుకుని భుజానికి, డొక్కకు, పిరుదులకు మెల్లగా రాయండి. తర్వాత దాన్ని నేల మీద ఈడుస్తూ పక్కన నడవండి, ఆ గరగర చప్పుడు కూడా అలవాటు కావాలి. చెవులు వదులై, తల దించి నములుతుంటే ఒప్పుకున్నట్టు. అప్పుడే ఎక్కి నడకలో, ట్రాట్‌లో (నడకకూ కాంటర్‌కూ మధ్య వేగం), కాంటర్‌లో మోయండి. ఒక్కో మెట్టుకు రెండు మూడు రోజులు పట్టినా తొందరపడొద్దు. కర్రను తల మీదుగా ఇటు నుంచి అటు మార్చొద్దు. ఒక కంటికి మాయమై రెండో కంటికి హఠాత్తుగా ప్రత్యక్షమయ్యే వస్తువును ఏ గుర్రమూ సహించదు.

రేసుల నుంచి రిటైరైన గుర్రాలతో ఇంకో చిక్కు ఉంది. నిటారు దారి, వెనక మరో గుర్రం డెక్కల చప్పుడు, ఈ రెండూ కలిస్తే పందెం మొదలైందనుకుంటుంది. దానికి వేగం నేర్పక్కర్లేదు, ఆగడం నేర్పాలి. నాలుగు పరుగుల్లో ఒక్కదానికే బల్లెం పట్టండి. మిగతా మూడూ అదే దారిలో ఊరికే కాంటర్, చివర నెమ్మదిగా నడక. లేకపోతే ట్రాక్ చూడగానే చిందులు తొక్కుతుంది.

మేకు కుడి పక్కన ఉంటుంది. గుర్రం దానికి ఎడమగా సుమారు రెండున్నర అడుగుల దూరంలో పోవాలి. నేల మీద సున్నంతో గీత గీసి, ముందు వట్టి చేతులతో ఆ గీత మీదే నడిపించండి. అంతర్జాతీయ పోటీల్లో మేకు వెడల్పు 6 సెంటీమీటర్లతో మొదలై, పోటీ బిగిసేకొద్దీ 4కు, చివరికి 2.5కు దిగుతుంది. మీరు మాత్రం 15 సెంటీమీటర్ల అట్టముక్కతో మొదలుపెట్టండి, నామోషీ ఏమీ లేదు. కర్ర మేకులకు ఈత, తాటి లాంటి మెత్తని పీచు కర్ర మంచిది. రాత్రంతా నీళ్లలో నానబెడితే మొన దిగుతుంది. ఎండిన గట్టి కర్రయితే మొన జారిపోతుంది, లేదా మేకే చీలుతుంది.

ఇప్పుడు ఆఖరి క్షణం. గాలప్‌లో, అంటే పూర్తి వేగపు పరుగులో, గుర్రం సెకనుకు దాదాపు 11 మీటర్లు పోతుంది. అంటే చివరి 10 మీటర్లు ఒక సెకను కూడా పట్టవు. అంతలో గురి సరిచేసుకోవడం కుదిరే పని కాదు. 30 మీటర్ల దూరంలోనే బల్లెం దిగాలి, 20 మీటర్లకల్లా మొన నేలకు జానెడు ఎత్తులో నిలకడగా ఉండాలి. నడుము దగ్గర వంగి కుడికి దిగండి, వీపు గూనిగా వంచొద్దు. ఎడమ తొడ జీనుకు అంటుకుని ఉండాలి, మడమ కిందికి. చెయ్యి చాచి, ముంజేయి, బల్లెం ఒకే గీతలో పెట్టండి. చూపు మొన మీద కాదు, మేకు అడుగున.

తగిలాక చాలామంది వెంటనే పైకి లేపుతారు, మేకు జారిపోయేది అక్కడే. గుర్రం ముందుకు పోతుంటే చెయ్యి దానంతట అదే వెనక్కి వెళ్లాలి. మొన వెనక్కి తిరిగాకే పైకి ఎత్తాలి. మేకును మోసుకెళ్తే 6 పాయింట్లు, పెరికి వదిలేస్తే 4, తగిలించి ఊరుకుంటే 2.

మొన ముందే నేలలో దిగిందా, బల్లెం వదిలేయండి. పట్టుకుని ఉంటే భుజం పోతుంది. మణికట్టుకు తాడు కట్టుకోవడం ఈ కారణంగానే ప్రమాదం. కుడివైపు ఎవరినీ నిలబెట్టొద్దు. గుర్రాలను చూసుకునే సాయీసులు, ఆట చూసేవాళ్లు అందరూ ఎడమవైపే, ట్రాక్‌కు దూరంగా ఉండాలి.

గుర్రం సరిగ్గా మేకు ముందు ఎడమకు తప్పుకుంటే దాని తప్పని కొట్టకండి. మీరు కుడికి వంగినప్పుడు ఎడమచేతిలోని పగ్గాలు బిగుసుకుంటున్నాయి, అది చెప్పినట్టే వింటోంది. పగ్గాలకు ముడివేసి, ఆ చేతిని జూలులో పాతేయండి. జీను కుడికి జారుతుంటే పొట్టపట్టీ చూసుకోండి, ఎక్కాక పది నిమిషాలకు మళ్లీ బిగించాలి, ఎందుకంటే మొదట గాలి పీల్చి పొట్ట ఉబ్బించుకునే గుర్రాలు చాలా ఉన్నాయి.

వానాకాలం తర్వాత గట్టిపడిన నేల మీద ఈ పని చేయొద్దు. ట్రాక్ నాలుగైదు అంగుళాల లోతున దున్ని, రాళ్లు ఏరి, కాస్త తడపాలి. గాలప్ పరుగులు రోజుకు ఐదారు మించకూడదు, వారానికి మూడు రోజులు చాలు. దించాక ముంగాళ్ల స్నాయువుల (కండరాలను ఎముకలకు కలిపే పట్టీల) వెంట చేయి పెట్టి చూడండి. ఒక కాలు రెండోదానికంటే వెచ్చగా తగిలితే చన్నీళ్లు పోయండి, మర్నాడు బల్లెం ముట్టొద్దు.