సెమీ ఆటోమేటిక్ ఎయిర్ పిస్టల్ కొనేముందు ఒక్క ప్రశ్న: గాలి ఎక్కడ కొట్టిస్తారు?

నమస్తే అండి, హన్మకొండ నుంచి మళ్లీ మనమే. వెనకాల మోత వినిపిస్తే ఏమీ అనుకోకండి, పక్కింట్లో టైల్స్ కోస్తున్నారు. ఆదివారం కూడా వదలట్లేదు.

ముందే చెప్పేస్తాను. టేబుల్ మీద ఈ నల్లటిది నాది కాదు. హైదరాబాద్‌లో ఒక డీలర్ 15 రోజులు వాడి చూడమని ఇచ్చారు. దాంతోపాటు రెండు డబ్బాల పెలెట్లు, అంటే ఇందులో పెట్టి కాల్చే చిన్న గుండ్లు, ఫ్రీ. డబ్బులు తీసుకోలేదు. పిస్టల్ తిరిగి ఇచ్చేస్తాను, పెలెట్లు మాత్రం ఇవ్వలేను, అయిపోయాయి.

ఇది స్టెయర్ ఎల్‌పీ 50. ఆస్ట్రియా సరుకు. ఐదు పెలెట్ల మ్యాగజీన్, సెమీ ఆటోమేటిక్. అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక పెలెట్ వెళ్తుంది, మధ్యలో మీరు చేత్తో చేయాల్సిన పనేమీ ఉండదు. పొడవెంత, బరువెంత అన్నవి మీరు ఈపాటికి పది వీడియోల్లో చూసేసి ఉంటారు, అవి మళ్లీ చదవను. దాని పక్కన ఉన్నది నా సొంతది, బైకాల్ ఐజెడ్‌హెచ్ 46ఎం. రష్యాది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కింద పొడవాటి లివర్ ఉంది చూడండి, దాన్ని ఒక్కసారి లాగి మూస్తే ఒక్క షాట్‌కు సరిపడా గాలి. మళ్లీ కాల్చాలంటే మళ్లీ లాగాలి. మూడోది, మోరిని 162, టేబుల్ మీద లేదు. అది స్నేహితుడిది, గచ్చిబౌలి రేంజ్‌లో రెండు మూడుసార్లు కాల్చాను. దాని సంగతి తర్వాత.

పోయిన వీడియో కింద నలభై కామెంట్లుంటే అందులో సగం ఒకటే ప్రశ్న. "అన్నా, కోతులకు పనిచేస్తదా?" పనిచేయదు, చేయకూడదు. మా మేడ మీద కూడా కోతులున్నాయి, పోయిన వారం ఎండబెట్టిన మిరపకాయల మీద గంతులేసి పోయాయి. మా అమ్మ ఇప్పటికీ తిడుతూనే ఉంది. అయినా సరే, ప్రాణి మీద పెలెట్ వేస్తే మీ మీద కేసవుతుంది, అవ్వాలి కూడా. ఇది కాగితం మీద కాల్చే వస్తువు. పది మీటర్ల దూరంలో పది పాయింట్ల వలయం 11.5 మిల్లీమీటర్లు, మీ చొక్కా గుండీ అంత. ఆ గుండీ మీద మోజు లేకపోతే ఈ వీడియో ఇక్కడే ఆపేయొచ్చు.

రెండో ప్రశ్న: "లైసెన్సు కావాలా?" పాయింట్ 177 బోరు, అంటే గొట్టం రంధ్రం 0.177 అంగుళాలు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కి అక్కర్లేదు. పోటీల పిస్టళ్లు ఆరు జౌళ్ల దగ్గరే తిరుగుతాయి. అసలు తుపాకీ సంగతి వేరు. పాయింట్ 32 పిస్టల్ కావాలంటే 21 ఏళ్లు నిండాలి, పోలీస్ విచారణ ఉంటుంది, 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండుకు మించి ఉండకూడదు. 9 ఎంఎం అయితే మామూలు జనానికి ఇవ్వరు. ఎన్నికలొచ్చాయంటే ఆ ఉన్నది కూడా స్టేషన్‌లో అప్పగించమంటారు. మా బంధువు ఒకాయనది ఇంట్లో కంటే స్టేషన్‌లోనే ఎక్కువ రోజులు ఉందని మేం ఏడిపిస్తుంటాం. దాని గురించి ఇంతకు మించి చెప్పను, నాకు మోజు లేదు.

ఇంకో రకం ఉంది, చూడ్డానికి అచ్చం సినిమా పిస్టల్ లాంటివి. 12 గ్రాముల సీవోటూ (కార్బన్ డయాక్సైడ్) గొట్టం పెడితే స్లైడ్, అంటే పిస్టల్ పై భాగం, వెనక్కి ముందుకి ఊగుతుంది. నేను మొదట కొన్నది అదే, సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను. ట్రిగ్గర్ లాగితే పాత గేటు గొళ్లెం తీసినట్టుంటుంది. పైగా సీవోటూ ఒత్తిడి ఎండను బట్టి మారుతుంది. 20 డిగ్రీల దగ్గర 57 బార్ ఉంటుంది, మన మే నెలలో ఎంతకు పోతుందో ఊహించుకోండి. డిసెంబర్‌లో కింద పడిన పెలెట్ మేలో పైన పడేది. తప్పు నాదేమో అనుకుని ఆరు నెలలు చెయ్యి సరిచేసుకున్నాను! ఇంకో మాట, దాన్ని పట్టుకుని రీల్స్ చేయకండి. రోడ్డు మీద చూసినవాళ్లకు అది బొమ్మో నిజమో తెలియదు, పోలీసులకూ తెలియదు.

సరే, ఇప్పుడు గాలి. ఈ వీడియో చేస్తున్నదే దీని కోసం.

ఈ స్టెయర్‌కి, మోరినికి, ఇప్పుడొచ్చే మంచి పోటీ పిస్టళ్లన్నింటికీ బ్యారెల్ కింద చిన్న సిలిండర్ ఉంటుంది. అందులో 200 బార్ గాలి నింపాలి. 200 బార్ అని చదివి "ఓహో" అనుకుని వదిలేశాను. డీలర్ నింపి ఇచ్చారు, నాలుగు రోజులు హాయిగా కాల్చాను. ఐదో రోజు మీటర్ ముల్లు కిందికి దిగింది. ములుగు రోడ్డులో లారీ టైర్ల షాపు ఉంది, పెద్ద కంప్రెసర్. పిస్టల్ బయటకు తీయకుండా సిలిండర్ ఒక్కటే గుడ్డలో చుట్టుకుని వెళ్లాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఎంత కొట్టాలి సార్?" అన్నాడు. 200 బార్ అన్నాను. "పీఎస్ఐలో చెప్పండి సార్." లెక్కేసి 2,900 అన్నాను. ఆయన పైపు కింద పెట్టేశాడు. "సార్, లోడు లారీకే 120 చాలు" అని, పక్కన టీ తాగుతున్న డ్రైవర్‌ని పిలిచి నా సిలిండర్ చూపించాడు. ఇద్దరూ నవ్వారు. నవ్వాల్సిందే మరి.

అక్కణ్నుంచి వెల్డింగ్ షాపు. ఇది నవ్వే విషయం కాదు, జర జాగ్రత్తగా వినండి. ఆ షాపు కుర్రాడు ఎంతో మర్యాదగా, "ఆక్సిజన్ ఉంది సార్, 150 దాకా ఎక్కుతది, అది కూడా గాలే కదా" అన్నాడు. కాదు. ఎప్పటికీ కాదు. ఈ పిస్టల్ లోపల రబ్బరు రింగులకు గ్రీజు ఉంటుంది. అంత ఒత్తిడి ఉన్న ఆక్సిజన్‌కు చుక్క గ్రీజు తగిలినా భగ్గుమంటుంది. మీ మొహానికి జానెడు దూరంలో. ఎవరు ఎంత మంచిగా చెప్పినా ఆక్సిజన్ మాత్రం ఎక్కించకండి. మామూలు గాలి, పొడిగా, శుభ్రంగా ఉన్నది, అంతే.

మిగిలిన దారులు రెండు. ఒకటి, డైవింగ్ చేసేవాళ్లు వాడే పెద్ద సిలిండర్ కొనుక్కుని, హైదరాబాద్‌లో ఫైర్ సేఫ్టీ వాళ్ల దగ్గర నింపించుకుని, ఇంట్లో దాని నుంచి చిన్నదానికి ఎక్కించుకోవడం. పెద్దది పదిహేను కిలోల దాకా బరువు. రానూపోనూ మూడు వందల కిలోమీటర్లు. గాలి కోసం! రెండోది, హ్యాండ్ పంపు. సైకిల్ పంపులాగే ఉంటుంది కానీ దాని తాత. నా దగ్గర ఉన్నది ఏ కంపెనీదో చెప్పను, అన్నీ అంతే. వంద బార్ నుంచి రెండు వందలకు తేవడానికి లెక్కపెట్టాను, 72 సార్లు. మొదటి నలభై పర్వాలేదు. ఆ తర్వాత చేతులతో అవదు, మొత్తం ఒంటి బరువు వేసి కూర్చున్నట్టు దిగాలి. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి కాసేపు చూసి, "గీ కష్టమేదో బోరింగు దగ్గర పడితే రెండు బిందెలన్నా నిండేవి కద బిడ్డా" అంది. ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

కష్టం ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. పంపు కొట్టిన వెంటనే కాల్చలేరు, చెయ్యి వణుకుతుంది. వానాకాలం అయితే గాలిలో తేమ కూడా లోపలికే పోతుంది. అందుకే నేను ముందురోజు రాత్రి కొట్టి పెట్టుకుని పొద్దున కాల్చేవాణ్ని. ఇక్కడే ఈ సెమీ ఆటోమేటిక్‌తో నా గొడవ. ఒక్కో షాట్ కాల్చే పిస్టల్‌తో అయితే మనిషి ఆగుతాడు, ఊపిరి పీలుస్తాడు, ఆలోచిస్తాడు. దీనితో ఐదూ నాలుగు సెకన్లలో అయిపోతాయి. చాలా బాగుంటుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి, చిన్నపిల్లాడిలా నవ్వొస్తుంది. ఇంకో మ్యాగజీన్, ఇంకో మ్యాగజీన్. తల ఎత్తి చూస్తే ముల్లు కింద ఉంటుంది. మళ్లీ 72.

పోనీ పోటీలో ఈ ఐదు ఉపయోగపడతాయా అంటే, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో ఒకసారికి ఒక్క పెలెట్ మాత్రమే పెట్టాలి. రూల్ అది. 60 షాట్లకు గంటా పావు టైమ్ ఇస్తారు, తొందరేముంది? అంటే ఈ పిస్టల్ ప్రత్యేకత ఏదైతే ఉందో, దాన్ని మన జిల్లా పిల్లలు ఎక్కువగా ఆడే పోటీలో వాడుకోనే వాడుకోలేరు. మరి కొత్తగా నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులకు "ఇది పై మోడల్ సార్" అని ఎందుకు చూపిస్తున్నారు? ఇది నాకు పిస్టల్ ఇచ్చిన డీలర్‌ని కూడా కలిపే అంటున్నాను. ఆయన ఈ వీడియో చూస్తారు, పర్వాలేదు.

ట్రిగ్గర్ మాత్రం... దీనికి మాటల్లేవు. మొదట కొంచెం కదులుతుంది, తర్వాత ఒక గోడ తగులుతుంది. ఆ గోడ దగ్గర వేలు ఆనించి ఉంచితే, ఎప్పుడు విరిగిందో మీకే తెలియదు. పోటీలో ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. బరువు తగిలించి లేపుతారు, గాల్లోకి లేవకముందే విడిచేసిందంటే ఫెయిల్. నా దగ్గర ఆ తూకం లేదు. అరకిలో చక్కెర ప్యాకెట్‌కు పురికొస కట్టాను, వంటింటి కాటా మీద కవరుతో కలిపి 508 చూపించింది. పెలెట్ లేకుండా, మూతి ట్రాప్ (పెలెట్లను ఆపే డబ్బా) వైపు పెట్టి లేపాను. ప్యాకెట్ ఇంకా టేబుల్ వదలకముందే టప్ మంది. నా ముందు వాడినవాళ్లు బాగా తేలిగ్గా పెట్టుకున్నట్టున్నారు. స్క్రూ పావు తిప్పు తిప్పి మళ్లీ లేపితే ప్యాకెట్ వేలాడింది. వాడిన పిస్టల్ కొంటే ఈ పని ఇంట్లోనే చేసుకోండి, పోటీ రోజు టెన్షన్ ఉండదు.

మోరిని 162లో ఒక రకానికి ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఉంటుంది. మౌస్ క్లిక్ చేసినట్టే, అంత శుభ్రం. ఒకసారి దానితో కాల్చాక నా బైకాల్ పట్టుకుంటే ఎడ్లబండి ఎక్కినట్టు అనిపించింది. కానీ నాకు కరెంటు ఉన్న వస్తువంటే భయం. టోక్యో ఒలింపిక్స్‌లో మన షూటర్ మను భాకర్ పిస్టల్ పోటీ మధ్యలో చెడిపోవడం మీకు గుర్తుందా? బాగు చేసుకుని వచ్చేసరికి పదిహేను నిమిషాలకు పైగా పోయాయి. మిగిలిన షాట్లు హడావుడిగా కాల్చి కూడా 575 కొట్టింది, 12వ స్థానం, రెండు పాయింట్లలో ఫైనల్ పోయింది. తర్వాత పారిస్‌లో రెండు కంచు పతకాలు తెచ్చిందనుకోండి. ఆ అమ్మాయి గుండె వేరు. నాకు అలా జరిగితే నేను బ్యాగ్ సర్దుకుని కాజీపేట రైలెక్కేసేవాణ్ని.

గ్రిప్ గురించి ఒక్క ముక్క. నాకు వచ్చింది పెద్ద సైజు, నా చెయ్యి మీడియం. బొటనవేలు దగ్గర సందు వచ్చింది. కొనేటప్పుడు చెయ్యి కొలిచి చెప్పండి, అంతే. మిగతాది ఆకురాయి, చెక్క లప్పం చూసుకుంటాయి.

మరి ఎల్‌పీ 50 ఎవరికి? మా పాప లాంటివాళ్లకు. పదో తరగతి. ఈషా సింగ్ అంటే పిచ్చి. మన హైదరాబాద్ అమ్మాయి, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు. ఆ స్వర్ణం 25 మీటర్ల టీమ్ పోటీలో వచ్చింది. అది పాయింట్ 22 పిస్టల్‌తో, ర్యాపిడ్ భాగంలో మూడు సెకన్లు మాత్రమే టార్గెట్ కనిపిస్తుంది, ఏడు సెకన్లు ఉండదు. చెయ్యి కింద నుంచి లేపి ఆ మూడులో ఒక్కటి కాల్చాలి, ఇలా ఐదు. అసలు పాయింట్ 22 ఇంట్లో పెట్టుకునే వయసు లేదు, వరంగల్‌లో దాన్ని నేర్చుకునే చోటు మాకు దొరకలేదు. ఈ పదిహేను రోజులు ఫోన్‌లో టైమర్ పెట్టి, హాలు ఈ చివర నుంచి బాల్కనీ గోడకు పెట్టిన ట్రాప్ దాకా, తలుపు గడియ వేసి, ఆ ఆటే ఆడింది. మొదటి రోజు ఐదులో రెండు టార్గెట్ కాగితానికే తగల్లేదు. పన్నెండో రోజు ఐదూ నల్ల మచ్చలో. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించింది. అసలు 25 మీటర్లలో ట్రిగ్గర్ బరువు కనీసం 1000 గ్రాములు ఉండాలి, కాబట్టి అచ్చం అదే అని చెప్పను. కానీ లేపడం, ఆగడం, నొక్కడం, ఆ లయ మాత్రం ఒంటికి పట్టింది.

అయినా నేను కొనట్లేదు. 10 మీటర్లే ఆడేవాళ్లయితే లివర్ లాగే పాతకాలం పిస్టల్ వెతుక్కోండి. చెయ్యి నొప్పెడుతుంది, కానీ ఎవర్నీ గాలి అడుక్కోనక్కర్లేదు. డబ్బుంటే, హైదరాబాద్‌లో ఉంటే, మోరిని. సిలిండర్ ఉన్నది సెకండ్ హ్యాండ్‌లో కొంటే బేరం ఆడేముందు సిలిండర్ మీద చెక్కిన తేదీ చదవండి. పదేళ్లు దాటితే పోటీలో రానివ్వరు, కొత్త సిలిండర్ ఖర్చు మీదే. నాకు పిస్టల్ మీద కోపం లేదు, మార్కులేస్తే పదికి తొమ్మిది. హన్మకొండలో ఉన్న పిస్టల్‌గా అయితే నాలుగు.

పాప మూడు రోజులుగా నాతో సరిగ్గా మాట్లాడట్లేదు. రేపు పొద్దున మా బావమరిది కారు తెస్తాడు, పిస్టల్ తిరిగి ఇవ్వడానికి హైదరాబాద్ పోతున్నాం. వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ఎక్కడైనా 200 బార్ గాలి కొట్టే చోటు ఉంటే ఈ రాత్రిలోపు కింద రాయండి, కారు ఆపేస్తాను. లారీ టైర్ల షాపు అని మాత్రం రాయకండి.