కొండ మెట్ల మీద గాడిద

శ్రోతలకు నమస్కారం.

మన విశాఖలో ఆరిలోవ వైపు, కంచరపాలెం వైపు తలెత్తి చూస్తే కొండవాలు నిండా ఇళ్లే. ఆటో కూడా దూరని ఆ మెట్ల సందుల్లోకి ఇటుకా ఇసుకా మనుషులు మోసుకెళ్లాలి, లేదా గాడిదలు మోయాలి.

మొన్న వాన వెలిశాక అలాంటి మెట్ల మీద ఒక గాడిద ఆగిపోయింది. రెండు పక్కలా తడి ఇసుక బస్తాలు. "మొండిదండి, కదల్దు" అంటూ వెనకున్న కుర్రాడు కర్ర ఎత్తాడు. వద్దని దగ్గరికెళ్లాను. గోనెపట్టా కింద వీపు మీద అరచేయంత పచ్చిపుండు. పక్కనే తెల్ల వెంట్రుకల మచ్చ. పాత పుండు మానిన చోట వెంట్రుకలు అలా తెల్లగా మొలుస్తాయి. ముందరి కాళ్లకు బంధం వేయడం అని మనం మాటవరసకు అంటుంటాం. దాని కాళ్ల మీద అలా బంధం వేసిన నైలాన్ తాడు కోసిన గాట్లు కనిపిస్తూనే ఉన్నాయి.

గాడిదది మొండితనం కాదండీ. గుర్రం బెదిరితే పరుగెడుతుంది, గాడిద నిలబడిపోతుంది. నొప్పిని కూడా పైకి చూపించదు. మేత మానేసి తల వేలాడేసిందంటే అప్పటికే జబ్బు ముదిరి ఉంటుంది.

1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం గాడిద మీద 50 కిలోలు మించకూడదు. అంటే ఒక్క సిమెంటు బస్తా. రోజుకు 9 గంటలకు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు పని చెప్పకూడదు.

ఆ కుర్రాణ్ణి తిట్టి వచ్చేస్తే మాత్రం ఏం లాభం? కూలి బస్తాల లెక్కన ఇస్తే అతను రెండేసి వేస్తాడు. సాయంత్రానికల్లా పని అయిపోవాలని టెన్షన్ పెట్టేది ఇల్లు కట్టించుకునే మనమే. రోజు లెక్కన మాట్లాడుకోండి. నైలాన్ తాడు బదులు వెడల్పాటి మెత్తని గుడ్డ వాడమనండి. పుండు కనిపిస్తే పశువుల అంబులెన్సుకు 1962కి ఫోన్ చేయండి.

2012 పశుగణనలో దేశం మొత్తం మీద 3 లక్షల 20 వేల గాడిదలుంటే, 2019కి లక్షా 20 వేలే మిగిలాయి. మన రాష్ట్రంలోనే మాంసం కోసం దొంగచాటుగా కోస్తున్నారు. అవసరానికి వసుదేవుడంతటివాడు దీని కాళ్లు పట్టుకున్నాడని చెప్పుకునే వాళ్లం మనం!

ఆ రోజు బస్తాలు దింపించి, పక్కింటావిణ్ణి అడిగి ఒక బకెట్ నీళ్లు పెట్టాను. తల ఎత్తకుండా మొత్తం తాగేసింది. కుర్రాడు కర్ర కింద పెట్టి, "పొద్దున్నుంచీ నీళ్లు పెట్టనేదండి" అన్నాడు మెల్లగా. ఇంకో బకెట్ తేవడానికి తనే వెళ్లాడు.