ఫొటో కింద రాసే మాట

అందరికీ నమస్కారం.

ఇవాళ ఆగస్టు 19. ఫ్రాన్సులో డాగేర్ అనే ఆయన కనిపెట్టిన ఫొటో తీసే పద్ధతిని 1839లో ఇదే రోజున లోకానికంతటికీ వెల్లడి చేశారు. ఆ వంక పెట్టుకొని మన నెల్లూరులో కెమెరా పిచ్చి ఉన్న నలుగురం ఇక్కడ చేరాం. నేను ముప్పై ఏళ్ళు ఆర్టీసీ బస్సులో టికెట్లు కొట్టినవాణ్ణి. నాకు స్టూడియో లేదు, పెళ్ళి ఫొటోలు తీయడం రాదు. ఒకసారి మా మేనకోడలి పెళ్ళికి తీస్తే తలంబ్రాల్లో పెళ్ళికొడుకు మొహమే పడలేదు. అంచేత నా మాటల్లో లెన్సుల సంగతులు వెతక్కండి.

మీరు తగిలించిన ఫొటోలన్నీ పొద్దున్నే వచ్చి ఒక చుట్టు చూశాను. ఫొటోలు బాగున్నాయి. వాటి కింద రాసిన మాటలే బాగాలేవు. ‘ఆశ’, ‘నిరీక్షణ’, ‘శ్రమైక జీవనం’, ‘బతుకు పోరు’. ఈ ‘బతుకు పోరు’ ఒక్కటే మూడు చోట్ల ఉంది. ఒకదాంట్లో పార పట్టుకున్న మనిషి, ఒకదాంట్లో తోపుడుబండి, మూడోదాంట్లో వేపచెట్టు కింద గుర్రుపెట్టి నిద్రపోతున్న తాత. నిద్రపోయే మనిషిది కూడా పోరే అంటే ఎట్టా సామీ?

కోపం తెచ్చుకోకండి. ఆ పేరు పెట్టడంలో మీకంటే నేనే ముందు.

మైపాడు రూటులో చాలాకాలం పనిచేశాను. తెల్లారి ట్రిప్పులో చేపల గంపలతో ఆడవాళ్ళు ఎక్కేవాళ్ళు. వాళ్ళకీ నాకూ రోజూ లగేజీ టికెట్టు దగ్గరే పేచీ. వాళ్ళలో ఒక అవ్వ గొంతు బస్సు మొత్తానికీ వినపడేది. ‘గంపకు టికెట్టు కొడతావు, గంపకు సీటు ఇస్తావా నాయనా’ అని నన్ను నిలదీసేది. జవాబు నా దగ్గర ఉండేది కాదు. కొట్టేది మాత్రం కొట్టేవాణ్ణి.

చిన్న డిజిటల్ కెమెరా కొనుక్కున్న కొత్తలో, సెలవు రోజున మైపాడు తీరానికి పోయాను. పడవలు అప్పుడే ఒడ్డుకు వచ్చినాయి. ఆ అవ్వ ఇసకలో కూర్చొని నెత్తళ్ళు ఏరుతోంది. కెమెరా ఎత్తాను. ఆమె నన్ను చూసి, మొహం కొంచెం పక్కకు తిప్పి, అట్టాగే ఉండిపోయింది. చెంప మీద ఏటవాలు ఎండ పడి ముడతలన్నీ దున్నిన చేనులాగా కనపడ్డాయి. ఇంటికొచ్చి కంప్యూటరులో ఆ ముడతలు నిండుగా కనపడేట్టు చుట్టూ కత్తిరించాను, రంగు తీసేసి నలుపు తెలుపు చేశాను. ‘బతుకు పోరు’ అని పేరు పెట్టి ఒక పోటీకి పంపితే మూడో బహుమతి వచ్చింది.

కొన్ని నెలల తరవాత ప్రింటు తీసుకుపోయి అవ్వకు ఇచ్చాను. మురిసిపోతుంది అనుకున్నా. ఆమె దాన్ని ఎండకు ఎత్తి పట్టుకొని, దగ్గరగా చూసి, దూరంగా చూసి, ‘నా కమ్మ యాడ నాయనా?’ అనింది.

అప్పుడు చెప్పింది సంగతి. ఎర్రరాళ్ళ కమ్మలు రెండేళ్ళు తాకట్టులో ఉన్నాయంట. నేను ఫొటో తీసిన ముందురోజే వడ్డీతో సహా కట్టి విడిపించుకొచ్చి, తెల్లారి పెట్టుకొని వచ్చింది. నేను కెమెరా ఎత్తగానే మొహం తిప్పింది కమ్మ కనపడాలని. ఎంత సహజంగా తిరిగిందీ అని నేను ఇన్నాళ్ళూ అనుకొంటున్నా! ఇంటికొచ్చి అసలు ఫొటో తెరిచి చూస్తే చెవి దగ్గర ఎర్రటి చుక్క మెరుస్తోంది. నా కత్తిరింపు సరిగ్గా ఆ చెవి ముందే పడింది. గెలిచి వచ్చిన మనిషిని పట్టుకొని, ఓడి కూర్చున్న మనిషిని చేసి గోడకు తగిలించాను. రోజూ నా బస్సులో నాతో పేచీ పడే మనిషినే, ఒక్క మాట అడగకుండా.

అడగకపోతే ఏమవుతుందో ఇందాక చెప్పిన డాగేర్ దగ్గరే చూడొచ్చు. 1838లో ఆయన పారిస్‌లో తన మేడ మీదినుంచి ఒక వీధిని ఫొటో తీశాడు. బళ్ళూ జనమూ తిరిగే వీధి. అప్పట్లో ఒక్క ఫొటోకి కొన్ని నిమిషాలు పట్టేది కాబట్టి కదిలేవేవీ అందులో పడలేదు, వీధి ఖాళీగా కనపడుతుంది. ఒక మూల ఒకాయన బూటు పాలిషుకని కాలు చాపి నిలబడ్డాడు. కదల్లేదు గనుక ఆయన నిలిచాడు. పాలిష్ చేసేవాడు చేతులు ఆడిస్తున్నాడు గనుక మసగ్గా మిగిలాడు. మనిషి కనపడే ఫొటోల్లో మనకు తెలిసినంతలో అదే మొదటిదంటారు. ఆ ఇద్దరి పేర్లూ ఎవరికీ తెలియవు. డాగేర్ మెట్లు దిగి పోయి అడిగి ఉంటే ఎంత బాగుండేది! కండక్టరు బుద్ధి కదా, ఆ పాలిషుకు చిల్లర ఎంత ఇచ్చాడో కూడా తెలుసుకోవాలని ఉంటుంది నాకు.

అన్ని ఫొటోలకూ కథ అవసరమా అని ఒక కుర్రాడు ఇందాక అడిగాడు. అక్కర్లేదు. పూలకూ పిట్టలకూ వదిలేయండి. కానీ మన రొట్టెల పండగ తీసుకో. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు నీళ్ళలో దిగి రొట్టెలు మార్చుకొంటారు. కోరిక తీరినవాళ్ళు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకొంటారు. పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె, వీసా రొట్టె కూడా ఉంది. ఈ గోడ మీద అలాంటి ఫొటో ఒకటుంది. రెండు చేతులు, మధ్యలో రొట్టె, కింద నీళ్ళు. చక్కగా తీశారు. అయితే ఆ రెండింటిలో ఇచ్చే చెయ్యి ఏది, పుచ్చుకొనే చెయ్యి ఏది? అది ఏ రొట్టె? ఎంత సేపు చూసినా ఫొటో చెప్పదు. కింద ‘విశ్వాసం’ అని రాశారు. ‘విశ్వాసం’ కొట్టేసి, ‘ఎడమ పక్క ఆమెకు పోయినేడు బిడ్డ పుట్టింది, కుడి పక్క ఆమె అడగడానికి వచ్చింది’ అని రాస్తే నేను ఇంకోసారి ఆ చేతుల వంక చూస్తాను. నిజంగా అదే జరిగి ఉంటేనే రాయాలి సుమా. తెలియకపోతే ‘స్వర్ణాల చెరువు’ అని రాసి ఊరుకోండి, అందులో తప్పులేదు.

ఇక్కడ నాకు బాగా నచ్చింది తలుపు పక్కన ఉన్న చిన్న ఫొటో. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పటిది. ఆ వారంలో మనమందరం నీళ్ళనే తీశాం, నేను కూడా బ్రిడ్జి దగ్గర నిలబడి తీసినవే నలభై. ఈయన వరద నీళ్ళు పోయిన తరవాత ఎండను తీశాడు. నులక మంచం మీద కాయితాలు పరిచి ఉన్నాయి, ఎగిరిపోకుండా వాటి మీద గ్లాసులూ గరిటెలూ పెట్టారు. కింద ఏం రాశాడో చదువుతా: ‘పట్టాదారు పాసుపుస్తకం, పిల్ల పదోతరగతి సర్టిఫికెట్టు, గ్యాసు బుక్కు. మధ్యలో ఉన్నది పెళ్ళి శుభలేఖ. అది ఎందుకు తెచ్చావని ఆయన్ని భార్య తిడుతోంది.’ అంతే రాశాడు. నేను ఆ గరిటెల్ని పది నిమిషాలు చూశాను.

నా మొదటి కెమెరా మా బావమరిది దగ్గర ఎరువు తెచ్చుకున్న ఆగ్ఫా క్లిక్ త్రీ. రీలుకు పన్నెండే ఫొటోలు. ఆ పన్నెండూ ఇప్పటికీ వరసగా చెప్పగలను. నాలుగు కడగడంలో తెల్లగా పోయాయి, ఆ నాలుగు ఎవరివో కూడా చెప్పగలను. ఇప్పుడు నా ఫోన్లో వేలు ఉన్నాయి. నిన్న తీసింది ఎవరినో చెప్పలేను. ఫోను కొంత గుర్తుపెట్టుకొంటుంది. తేదీ, టైము, లొకేషన్ ఆన్ చేసి ఉంటే చోటు కూడా ఫొటోతోపాటే దాచిపెడుతుంది. అదే ఫొటోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరాలన్నీ రాలిపోతాయి, దాన్ని డాక్యుమెంటుగా పంపండి. అయినా అవ్వ పేరు, కమ్మ సంగతి ఏ ఫోనూ రాసుకోదు. ఆ రోజు సాయంత్రమే ఒక నోటుబుక్కులో రెండు ముక్కలు రాసుకోండి. ప్రింటు వెనక రాసేటట్టయితే మెత్తటి పెన్సిలుతో, అంచున రాయండి. బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే ముందు పక్క గీతలు లేస్తాయి. పరాయి పిల్లల్ని తీసేటప్పుడు అమ్మానాన్నల్ని అడగాలని మీకు నేను చెప్పక్కర్లేదు.

అవ్వ దగ్గరికి మళ్ళీ పోయాను. కత్తిరించని ఫొటో, రంగులతోనే, పెద్ద సైజు వేయించి ఫ్రేము కట్టించి తీసుకుపోయాను. ఈసారి ఎండకు ఎత్తలేదు, ఒళ్ళో పెట్టుకొని చూసింది. కమ్మ మీద వేలు పెట్టింది. ఆమె చెవుల వంక చూశాను, రెంటిలోనూ వేపపుల్లలు ఉన్నాయి. కమ్మలు మళ్ళీ తాకట్టులోకి పోయినాయంట, మనవడి ఫీజుకి.

‘ఈడన్నా ఉండనీలే’ అని, కొడుకును పిలిచి గోడకు మేకు కొట్టమనింది.

ఆ ఫొటో ఇవాళ ఇక్కడికి తేలేదు.