ప్రాజెక్టు లేని శనివారం కూడా రావాలి

అందరికీ నమస్కారం. మీలో ఎక్కువమంది సివిల్, ప్లానింగ్ చదువుతున్నవాళ్ళు కాబట్టి మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడని ఒక ఉద్యోగం గురించి చెబుతాను. అమెరికాలోని హవాయి రాష్ట్ర రాజధాని హొనొలులులో నాకు తెలిసిన చిన్న కన్సల్టింగ్ సంస్థ ఒకటి ఈమధ్య వార్షికోత్సవం చేసుకుంది. స్థానిక హవాయి వాళ్ళు పెట్టి నడుపుతున్న సంస్థ. రోడ్డు వేయాలన్నా హోటల్ కట్టాలన్నా, ఆ నేలలో ఎవరి పూర్వీకుల సమాధులున్నాయి, ఏ తీరానికి ఎవరు ఏ నెలలో దేనికోసం వెళ్తారు, ఏ వాగు నీళ్ళు ఎవరి మడికి పారతాయి అన్నది కనుక్కుని రాయడం వాళ్ళ పని. వేడుకకి హాలు బుక్ చేయలేదు. క్లయింట్లనీ ఉద్యోగులనీ పిల్లాపాపలతో సహా ఒక చేపల చెరువు గట్టు మీదికి రాళ్ళు మోయడానికి పిలిచారు.

ఎందుకలా పిలిచారో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1893 దాకా హవాయి ఒక రాజ్యం. ఆ ఏడాది వ్యాపారులు, చెరకు ప్రయోజనాలున్న వాళ్ళు కలిసి లిలియుఒకలాని రాణిని గద్దె దించారు, 1898లో అమెరికా ఆ ద్వీపాలను కలిపేసుకుంది. బళ్ళలో బోధన ఇంగ్లీషులోనే జరగాలని 1896లోనే చట్టం వచ్చేసింది, దాంతో ఇంట్లో తాతలు మాట్లాడే భాష మనవళ్ళకు అందకుండా పోయింది. మళ్ళీ ఊపిరి తీసుకున్నది 1978లో. ఆ ఏడు రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి హవాయి భాషకు అధికార హోదా ఇచ్చారు, స్థానికుల సంప్రదాయ హక్కుల్ని కాపాడాల్సిన బాధ్యత ప్రభుత్వానిదని రాసుకున్నారు.

రాసుకున్నంత మాత్రాన బుల్డోజర్ ఆగదు కదా. 1980ల చివర మావి ద్వీపంలో హోనోకహువా అనే చోట, సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బల్లో హోటల్ కోసం తవ్వుతుంటే వందల కొద్దీ సమాధులు బయటపడ్డాయి. ఎముకలను బయటికి తీస్తూనే ఉన్నారు. జనం తిరగబడ్డాక పని ఆగింది, హోటల్ ఎగువకి జరిగింది, పూర్వీకులను తిరిగి అక్కడే పూడ్చారు. ఆ దెబ్బతోనే 1990లో ద్వీపాలవారీగా సమాధుల సంగతి చూసే మండళ్ళు పెడుతూ చట్టం చేశారు. ఇక 2000 సంవత్సరంలో రెండు పెద్ద మార్పులు వచ్చాయి. పర్యావరణ నివేదికలో సంప్రదాయ ఆచారాల మీద పడే ప్రభావం కూడా రాయాల్సిందేనని శాసనసభ చట్టం చేసింది. అదే ఏడాది కా పఆకై కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కోనా తీరంలో జనం ఉప్పు ఏరుకునే ప్రాంతంలో దాదాపు వెయ్యి ఎకరాల అభివృద్ధికి ప్రభుత్వ కమిషన్ అనుమతిచ్చి, స్థానికుల హక్కుల సంగతి డెవలపరే చూసుకుంటాడులే అని వదిలేసింది. అలా వదిలేయడానికి వీల్లేదని కోర్టు కొట్టేసింది. ఇక్కడ ఏమేం ఉన్నాయి, ఎవరు వాడుకుంటున్నారు? ఈ పనివల్ల వాటికి ఏమవుతుంది? కాపాడ్డానికి సాధ్యమైనంతలో ఏం చేయాలి? ఈ ప్రశ్నలకు ప్రభుత్వమే జవాబు తేల్చుకోవాలంది. ఇలాంటి సంస్థలకు చేతినిండా పని దొరకడానికి ఆ చట్టం, ఈ తీర్పే కారణం.

పని ఎలా చేస్తారో చూస్తే నాకు ముచ్చటేస్తుంది. 1848లో భూములను పంచినప్పుడు రైతులు కమిషన్ ముందుకొచ్చి చెప్పుకున్న వాంగ్మూలాలున్నాయి: నాకు ఫలానా చోట ఇన్ని చామ మడులు, ఇటు పక్క వాగు, అటు పక్క ఫలానా వాళ్ళ నేల అని. వాటిని ఇవాళ్టి మ్యాపు మీద పెట్టి సరిచూస్తారు. 1834 నుంచి 1948 దాకా హవాయి భాషలో వందకు పైగా పత్రికలు వచ్చాయి, లక్ష పేజీలు దాటిన సాహిత్యం అది. ఒక్కో లోయలో కురిసే వానకీ వీచే గాలికీ విడివిడిగా పేర్లుంటాయి అందులో. భాష రాని కన్సల్టెంటుకి ఆ తలుపే తెరుచుకోదు. ఆ తర్వాత పెద్దవాళ్ళ దగ్గరికెళ్ళి కూర్చుంటారు. వాళ్ళు చెప్పింది రాసి, తిరిగి వాళ్ళకే చూపించి, సరే అన్నాకే రిపోర్టులో పెడతారు. ఇది చెప్పకు అంటే తీసేస్తారు.

ఇక్కడే అసలు చిక్కుంది. రిపోర్టుకి డబ్బులిచ్చేది డెవలపర్. ముసలాయన నోరు విప్పి తన కుటుంబం చేపలు పట్టే రహస్యపు చోటు చెప్పాలంటే, నువ్వు ఎవరి మనిషివని అడగడా? అడుగుతాడు. అడగాలి కూడా. ఈ అనుమానాన్ని తీర్చే శక్తి ఏ ఒప్పంద పత్రానికీ లేదని నా నమ్మకం. పని ఉన్నప్పుడే మొహం చూపించేవాడికి జనం సగమే చెబుతారు, ఆ సగంతో రాసిన రిపోర్టు చూడ్డానికి లావుగా ఉంటుంది కానీ కోర్టులో నిలబడదు. 2012లో హొనొలులు రైలు ప్రాజెక్టుకి జరిగింది చూడండి. 20 మైళ్ళ లైను మొత్తానికీ పురావస్తు సర్వే పూర్తి కాకుండానే ముక్కలు ముక్కలుగా పని మొదలుపెట్టడం చట్టవిరుద్ధమని రాష్ట్ర సుప్రీంకోర్టు అంది, దాంతో నిర్మాణం దాదాపు ఏడాది ఆగింది.

అందుకే ఆ సంస్థవాళ్ళు ఏ ప్రాజెక్టూ లేని శనివారాల్లో కూడా వెళ్ళి బురదలో దిగుతారు, పిల్లలకు పాత పత్రికలు చదవడం నేర్పుతారు. వేడుకకి చేపల చెరువు దగ్గరికి పిలవడంలో నాకు కనిపించింది కూడా ఈ పట్టుదలే. అలాంటి చెరువుల్లో పెద్దది ఒవాహు ద్వీపంలోని హెఎయియా చెరువు. సముద్రం ఒడ్డున చుట్టూ పూర్తిగా గోడ కట్టి 88 ఎకరాలు చుట్టేశారు, కట్టి దాదాపు 800 ఏళ్ళంటారు. గోడ పొడవు మైలుంపావు దాటుతుంది. రెండు పక్కలా రాతి వరసలు, మధ్యలో పగడపు ముక్కల పూడిక. గోడలో తూములుంటాయి, సన్నటి కర్రలు నిలువుగా కట్టిన తలుపులతో. ఆ సందుల్లోంచి చేపపిల్లలు లోపలికొస్తాయి, తిని బలిశాక బయటికి పోలేవు. 1965 వరదకి ఈ గోడకు గండి పడింది. దానికితోడు బయటినుంచి తెచ్చి నాటిన మడ చెట్ల వేళ్ళు రాళ్ళను పెకలించేశాయి. 2001లో స్థానిక యువత ఒక సంఘం పెట్టి పనికి దిగారు, చెట్లు కొట్టి, బారులు తీరి చేతుల మీదుగా రాళ్ళు అందించుకుంటూ 2015 డిసెంబరులో ఆ గండి పూడ్చారు.

మధ్యాహ్నం భోజనంలో చామ తప్పకుండా ఉంటుంది. మనం వేపుడు చేసుకునే చామదుంపే. ఉడకబెట్టి దంచి ముద్దలా చేస్తారు, నాలుక్కి కాస్త పుల్లగా తగులుతుంది. వాళ్ళ పుట్టుకథలో ఆకాశపు తండ్రికి మొదట చనిపోయి పుట్టిన బిడ్డను పాతిన చోట చామ మొలిచింది, తర్వాత పుట్టినవాడు మనిషి. అంటే చామ అన్నగారు. అన్నకి నీళ్ళు ఆపేసే కాలువ గురించి రాస్తున్నానన్న సంగతి తెలిసినవాడు రిపోర్టు రాసే తీరే వేరు.

మన దగ్గరా 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం చాలా ప్రాజెక్టులకి పబ్లిక్ హియరింగ్ పెట్టాలి. అయితే అది జరిగేది డ్రాఫ్ట్ రిపోర్టు తయారయ్యాక. ఊళ్ళో వాళ్ళు టెన్షన్‌తో మైకు పట్టుకునేసరికి లైను గీసేసి ఉంటుంది. మీరు ఉద్యోగాల్లో చేరాక, గీత గియ్యకముందే ఊళ్ళోకి వెళ్ళే వీలు మీ చేతుల్లో ఉంటుంది, దానికి ఏ చట్టమూ అడ్డు చెప్పదు. గిరిజన ఏజెన్సీ ప్రాంతాల్లో అయితే గ్రామసభ ఎలాగూ ఉంది, దాని సంతకం కోసం వెళ్ళే రోజుకంటే చాలా ముందే వెళ్ళండి.

కా పఆకై తీర్పు గురించి గానీ, ఇంటర్వ్యూలు ఎలా చేస్తారన్న దాని గురించి గానీ ఏమైనా అడగాలనుంటే ఇప్పుడు అడగండి.