మేడ మీద మాటలు, 41వ భాగం: ఈస్టరు బొమ్మల పుస్తకంలో కుందేలు ఎందుకు?

అక్క: నమస్కారం. మేడ మీదకు రండి, కూర్చోండి. ఈ రోజు గాలి బాగా ఉంది. మైకులో హోరు వినిపిస్తే అది మా చెన్నై సముద్రపు గాలి అనుకోండి. పోయిన వారం ఉప్పు డబ్బా గురించి అడిగిన వాళ్లందరికీ తమ్ముడు జవాబు చెబుతాడు.

తమ్ముడు: చెప్పను. అది ముగిసిన విషయం.

అక్క: ముగియలేదని అమ్మ అంటోంది. సరే, పుస్తకం తియ్యి.

తమ్ముడు: ఇదిగో. మూడు నాలుగేళ్ల పిల్లల కోసం ఈస్టరు బొమ్మల పుస్తకం. 32 పేజీలు, అంటే రెండు ఫారాలు. పెద్ద కాగితం రెండు వైపులా అచ్చువేసి మడిస్తే 16 పేజీలు వస్తాయి. అలాంటివి రెండు. పిల్లల బొమ్మల పుస్తకాలు చాలావరకు 32 దగ్గరే ఆగడానికి అదే కారణం. మాటలు ఇంగ్లీషులో ఉన్నాయి. మా పాపకు చదివేటప్పుడు నేను తెలుగులో చెబుతున్నాను.

అక్క: బొమ్మల సంగతి చెప్పు. నేను చూసినప్పటి నుంచి మనసులోంచి పోవడం లేదు.

తమ్ముడు: నీటిరంగులు. ఒక రంగు ఆరకముందే ఇంకొకటి దానిలోకి పాకిన చోట చారలు కనబడుతున్నాయి, వాటిని దిద్దలేదు, అలాగే ఉంచారు. గాడిదపిల్ల మీద యేసు యెరూషలేములోకి వచ్చే పేజీ చూడు. జనం ముఖాలు లేవు. చేతులు, మట్టలు, అంతే. చేతులు మాత్రం ఒక్కొక్కటి ఒక్కో వయసువి.

అక్క: ఆ పేజీ చూడగానే పాప "మట్టల ఆదివారం!" అని అరిచింది. మా వీధిలో తమిళుల పిల్లలు కురుత్తోలై అంటారు. లేత ఆకుతో సిలువ అల్లడం నేను నేర్చుకున్నది వాళ్ల దగ్గరే. మన వైపు మట్ట మట్టగానే పట్టుకుంటాము.

తమ్ముడు: కుందేలు గురించి చెప్పాలి అక్కా. పేరులో పెట్టాము.

అక్క: చెప్పు, త్వరగా.

తమ్ముడు: అట్ట లోపలి కాగితం నిండా కుందేళ్లు, రంగు గుడ్లు. కథలో మాత్రం ఎక్కడా లేవు. ఈస్టరు కుందేలు జర్మనీ నుంచి వచ్చింది. కుందేలు గుడ్లు దాచిపెడుతుందని పిల్లలకు చెప్పే అలవాటు గురించి 1682లోనే ఒక జర్మను వైద్యుడు రాశాడు. అక్కడి నుంచి వలస వెళ్లిన వాళ్లతో పాటు అమెరికా చేరింది. గుడ్డు ఇంకా పాతది. శ్రమ దినాల్లో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, గుడ్లు తినకూడదని ఒకప్పుడు నియమం ఉండేది. కోళ్లు పెట్టడం మానవు కదా, పండుగ నాటికి ఇంటినిండా గుడ్లు పోగయ్యేవి.

అక్క: ఆర్థడాక్స్ అనే తూర్పు క్రైస్తవ సంఘాల్లో వాటికి ఎర్ర రంగు వేస్తారు. చివరి పేజీలో తెల్ల లిల్లీ పువ్వులు ఉన్నాయి చూడు, ఆ ఈస్టరు లిల్లీ పుట్టిల్లు జపాను దక్షిణాన ఉన్న దీవులు. యెరూషలేము కొండల మీద వసంతంలో పూసేవి చిన్న చిన్న ఎర్ర పూలు. కుందేలు లేకపోయినా మన పిల్లలకు ఏ లోటూ లేదు. ఈ పుస్తకంలో నిజమైన లోటు ఒకటే. చేపల పేజీ లేదు.

తమ్ముడు: వచ్చేసింది చేప.

అక్క: వస్తుంది. యోహాను సువార్త 21వ అధ్యాయం. తెల్లవారింది, రాత్రంతా వల వేసినా వాళ్లకు ఒక్క చేప పడలేదు. ఒడ్డున ఒకాయన నిప్పులు చేసి, వాటి మీద చేప పెట్టి, రొట్టె పెట్టి, "రండి భోజనము చేయుడి" అని పిలిచాడు. చనిపోయి లేచినవాడు చేసిన పని అది, వంట! పిల్లలకు ఇంతకంటే బాగా అర్థమయ్యే పేజీ ఏది ఉంటుంది? మన చేపల రేవు కాశిమేడు పిల్లలను అడుగు, వల బరువు ఎంతో చెబుతారు. ఆ పేజీ వెయ్యకుండా లిల్లీ పువ్వులు వేశారు.

తమ్ముడు: 32 పేజీల్లో అన్నీ పట్టవు. ఏది వదలాలన్నదే బొమ్మలు వేసేవాళ్ల అసలు పని. నన్నడిగితే వాళ్లు వదలవలసింది శుక్రవారం పేజీ.

అక్క: ఏమన్నావు?

తమ్ముడు: 18, 19 పేజీలు. నల్ల పేజీ. రెండు పేజీలు కలిపి ఒకే బొమ్మ. కొండ, దూరంగా వేలెడంత మూడు సిలువలు, ఒక్క మాట లేదు. అచ్చు పని చేసేవాడిగా చెబుతున్నాను, చాలా గొప్పగా వేశారు. ఒట్టి నల్ల సిరా వేస్తే కాగితం మీద బూడిదలా వెలవెలబోతుంది. వీళ్లు అడుగున నీలం వేసి దాని మీద నలుపు కొట్టారు. అందుకే అంత లోతుగా ఉంది. కానీ నాలుగేళ్ల పిల్లకు అంత చీకటి ఎందుకు? మట్టల ఆదివారం నుంచి నేరుగా తెల్లవారుజాముకు రావచ్చు.

అక్క: రాకూడదు. శుక్రవారం లేకుండా ఆదివారం ఎలా వస్తుంది? పద్దెనిమిదేళ్లుగా సండే స్కూలులో చెబుతున్నాను. "చనిపోయాడు" అన్న మాట మింగేసి "మళ్లీ లేచాడు" అంటే పిల్లలు నిద్రలోంచి లేచాడనుకుంటారు. ఎవరైనా నిద్రలోంచి లేస్తే పండుగ ఎందుకు చేస్తారు?

తమ్ముడు: చెప్పడానికి వయసు ఉంటుంది.

అక్క: మనకు ఏ వయసులో చెప్పారు? చందమామ ఎక్కడో అచ్చు కాలేదు, ఇక్కడే, వడపళనిలో. నెల నెలా విక్రమార్కుడు భుజాన శవాన్ని వేసుకుని శ్మశానంలో నడిచేవాడు. శంకర్ గారు వేసిన ఆ బొమ్మలో వేలాడే జుట్టు, వెనక పుర్రెలు, పాములు, అన్నీ చూశాము. నువ్వు ఆ పేజీ తెరిచి పెట్టుకుని అన్నం తినేవాడివి. జడుసుకున్నావా?

తమ్ముడు: ఆ శవం ఎవరి తాతయ్యా కాదు అక్కా.

(కాసేపు మాటలు లేవు.)

అక్క: పాప ఏమైనా అడిగిందా?

తమ్ముడు: అడిగింది.

అక్క: నాతో చెప్పలేదు.

తమ్ముడు: ఇక్కడ చెప్పాలనీ అనుకోలేదు. రాయి పేజీ ఉంది కదా, 21. సమాధి ముందు గుండ్రటి రాయి, దాని అంచున సన్నటి పసుపు గీత, లోపల వెలుగు ఉన్నట్టు. పాప ఆ గీత మీద వేలు పెట్టి చివరి దాకా లాగింది. లాగి, "తాతయ్య రాయి ఎవరు తీస్తారు?" అని అడిగింది.

అక్క: నాన్న సమాధి మీద పలక వేసినప్పుడు పాప అక్కడే ఉంది.

తమ్ముడు: నా చంక ఎక్కి చూసింది. నేనేమీ చెప్పలేకపోయాను. పేజీ తిప్పేశాను. మర్నాటి నుంచి నల్ల పేజీ రాకుండా రెండు కాగితాలు కలిపి పట్టుకుని తిప్పుతున్నాను. మూడో రోజు, "నాన్నా, నల్ల పేజీ పోయింది" అంది. వెతికింది. దొరికాక నా వైపు చూడలేదు, పుస్తకం తీసుకుని వాళ్లమ్మ దగ్గరకు వెళ్లింది.

అక్క: తమ్ముడూ, ఆ ప్రశ్న పాప కనిపెట్టింది కాదు. మార్కు సువార్తలో ఉంది. ఆదివారం తెల్లవారుజామున ముగ్గురు ఆడవాళ్లు సుగంధ ద్రవ్యాలు పట్టుకుని సమాధికి వెళుతూ దారిలో ఒకరినొకరు అడిగింది అదే. మన కోసం ఆ రాయి ఎవరు పొర్లిస్తారు? జవాబు తెలియకుండానే నడిచారు.

తమ్ముడు: వాళ్లకు వెళ్లేసరికి తీసి ఉంది. పాపకు నేనేమి చూపించాలి?

అక్క: నాకూ తెలియదు. కానీ మనం చిన్నప్పుడు ఏమి చూశాము? ఒంగోలులో సమాధుల తోట. ఈస్టరుకు ముందు వారమంతా గడ్డి పీకడం, సున్నం కొట్టడం. సున్నం బకెట్టు నీకివ్వలేదని ఏడ్చావు. మూడున్నరకు లేపేవారు. చీకటిలో నడిచి వెళితే తోటంతా కొవ్వొత్తులు. నాయనమ్మ సమాధి మీద చామంతి రేకులతో సిలువ వేసేవాళ్లము. మనలాంటి పిల్లలు పాతికమంది ఉండేవారు. కరిగిన మైనం వేళ్లకు పూసుకుని, ఆరాక టోపీల్లా ఊడదీసుకునేవాళ్లము.

తమ్ముడు: పాట మొదలయ్యేసరికి తూర్పున తెల్లబడేది.

అక్క: ఎవరైనా భయపడ్డారా? చీకటి ఉంది, సమాధులు ఉన్నాయి, పెద్దవాళ్లు ఏడుస్తున్నారు, మనం మైనంతో ఆడుకుంటున్నాము. అన్నీ ఒకే చోట. ఎవరూ మన కళ్లు మూయలేదు. ఈ పుస్తకం ఎంత అందంగా ఉన్నా, అందులోని సమాధి ఒక కథలో సమాధి. తెలుగు పిల్లలకు తెలుగులో ఒక ఈస్టరు పుస్తకం ఎవరైనా వేస్తే, మొదటి పేజీ సున్నం బకెట్టు అయి ఉండాలి. నేను నిజంగా చెబుతున్నాను. ఇక్కడే చెన్నైలో తూలిక వాళ్లు ఎన్నో ఏళ్లుగా తెలుగులోనూ బొమ్మల పుస్తకాలు వేస్తున్నారు. అచ్చువేసే చేతులు ఉన్న ఊరు ఇది.

తమ్ముడు: సున్నం బకెట్టు, కొవ్వొత్తులు. చీకటి పేజీకి అదే నీలం మీద నలుపు. కొవ్వొత్తి వెలుగుకు కాగితం తెలుపే వదిలెయ్యాలి, సిరా పెట్టకూడదు. పసుపు వేస్తే వెలుగు చచ్చిపోతుంది.

అక్క: చివర చేపల పేజీ.

తమ్ముడు: చేపల పేజీ కూడా.

అక్క: 153 చేపలు. లెక్కపెట్టుకునేలా వెయ్యాలి, ఒక్కటి తగ్గకూడదు. పిల్లలు లెక్కపెడతారు.

తమ్ముడు: ఎవరు వేస్తారు 153?

అక్క: నువ్వే. నాన్న అయితే ఏ చేప ఏదో పేర్లు కూడా చెప్పేవారు. కొర్రమీను సముద్రంలో ఉండదని పాటకు మధ్యలో ఆపి మరీ చెప్పారు, గుర్తుందా?

తమ్ముడు: (నవ్వుతూ) పాస్టరు గారు ఆగిపోయారు.

అక్క: 2024లో పండుగ మార్చి 31న వచ్చింది. అప్పుడు నాన్న తనే సున్నం కొట్టారు. వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యాక వచ్చే పౌర్ణమి దాటిన ఆదివారం కాబట్టి మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య తిరుగుతూ ఉంటుంది. ఈసారి, 2026లో, ఏప్రిల్ 5. శనివారం మధ్యాహ్నం పినాకిని రైలు ఎక్కితే చీకటి పడేసరికి ఒంగోలులో ఉంటాము. పాపను తీసుకురా.

తమ్ముడు: మూడున్నరకు లేస్తుందా?

అక్క: నువ్వు లేవలేదా?

తమ్ముడు: మళ్లీ అదే అడిగితే? ఆ పలక ముందు నిలబడి?

అక్క: అడగనీ. ఆ తోటలో అందరూ అడుగుతున్నది అదే కదా.

తమ్ముడు: ఏమో అక్కా. వాళ్లమ్మతో మాట్లాడాలి. పుస్తకం తీసుకువెళ్లాలా వద్దా? మంచుకు కాగితం ఉబ్బుతుంది, ఈ రకం కాగితం అసలే...

అక్క: పుస్తకం సంగతి తరువాత. కింద హారను విన్నావా?

తమ్ముడు: నీళ్ల లారీ. ఈ రోజు వంతు మనదా?

అక్క: మనదే. బిందెలు మెట్ల కింద ఉన్నాయి, పసుపుది కారుతుంది, దాన్ని తీసుకోకు.

తమ్ముడు: పుస్తకం ఎండలో పెట్టకు. నేను వెళుతున్నాను.

అక్క: మైకు ఆపి వెళ్లు. తమ్ముడూ, మైకు...