గేటు తీసేసిన తరువాతి సరిహద్దు

సభాధ్యక్షులకు, వేదికనలంకరించిన పెద్దలకు, సభికులకు నమస్కారం. పరిచయాలకే చాలా సమయం పోయింది కనుక నేరుగా విషయానికి వస్తాను.

పొరుగు దేశాల మధ్య రాకపోకల అడ్డంకులు అనగానే మనకు పాస్‌పోర్టు, వీసా, తనిఖీ గేటు గుర్తుకొస్తాయి. అవి లేకపోయినా అడ్డంకులు ఎలా మిగిలిపోతాయో తెలుసుకోవాలంటే ఉత్తర ఐరోపాలోని నార్డిక్ దేశాలను చూడాలి. డెన్మార్క్, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ తమ పౌరులు పాస్‌పోర్టు లేకుండానే ఒకరి దేశంలోకి ఒకరు వెళ్లవచ్చునని 1952లోనే అంగీకరించాయి. 1954లో ఉమ్మడి కార్మిక విపణిని కూడా ఏర్పాటు చేసుకున్నాయి, అంటే పని అనుమతి పత్రం లేకుండానే ఒకరి దేశంలో ఒకరు ఉద్యోగం చేసుకోవచ్చు. ఐరోపా దేశాల మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసే షెంగెన్ ఒప్పందం మీద సంతకాలు పడింది 1985లో!

2000 జూలైలో స్వీడన్, డెన్మార్క్‌లను కలిపే ఓరెసుండ్ వంతెన మొదలయ్యాక స్వీడన్‌లోని మాల్మోలో కాపురముంటూ డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్‌లో ఉద్యోగం చేయడం మామూలు విషయమైంది. అలాంటి ఉద్యోగి వారానికి ఐదు పనిదినాల్లో రెండు రోజులు ఇంటి నుంచే పని చేస్తానన్నాడనుకోండి. ఐరోపా నిబంధన ప్రకారం, ఒక మనిషి ఒకే దేశపు సామాజిక భద్రత (పింఛను, అనారోగ్య భృతి లాంటివి) కింద ఉండాలి. నివసించే దేశంలో పని 25 శాతానికి చేరితే సాధారణంగా ఆ దేశమే లెక్కలోకి వస్తుంది. రెండు రోజులంటే 40 శాతం. అప్పుడు, ప్రత్యేక మినహాయింపు పొందకపోతే, డెన్మార్క్ యజమాని స్వీడన్‌కు చందా కట్టాలి. అక్కడ యజమాని వాటా సాధారణంగా జీతం మీద 31.42 శాతం. డెన్మార్క్‌లో సామాజిక భద్రత ఎక్కువగా పన్నుల డబ్బుతోనే నడుస్తుంది కనుక, అక్కడి యజమానికి ఇది అనుకోని భారం. ఏ దేశపు చట్టాన్ని విడిగా చదివినా తప్పు కనిపించదు, రెండూ కలిసేచోట ఉద్యోగి ఇరుక్కుంటాడు. కొన్ని దేశాలు 2023 జూలై నుంచి పరస్పర ఒప్పందంతో ఈ హద్దును 50 శాతం లోపు వరకూ సడలించుకున్నాయి. అంటే, మనసుంటే మార్గం ఉందన్నమాట.

తీసేసిన గేటు మళ్లీ రాదని కూడా అనుకోకండి. 2016 జనవరి నుంచి 2017 మే వరకు, డెన్మార్క్ నుంచి స్వీడన్ వెళ్లే ప్రయాణికుల గుర్తింపు కార్డులను రవాణా సంస్థలే తనిఖీ చేయాల్సి వచ్చింది. రోజూ ఉద్యోగానికి వెళ్లొచ్చేవాళ్లు కోపెన్‌హాగెన్ విమానాశ్రయం స్టేషన్‌లో దిగి రైలు మారవలసి వచ్చింది.

ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన రెండు ఊళ్ల గురించి చెప్పకుండా ఉండలేను. సమయం మించితే అధ్యక్షులు మన్నించాలి. 1809లో, అప్పటిదాకా స్వీడన్ కింద ఉన్న ఫిన్లాండ్‌తో పాటు అక్కడి టోర్నియో పట్టణం రష్యా చేతికి వెళ్లిపోతే, ఎదురుగా స్వీడన్ వైపు హపరండా పట్టణం ఎదిగింది. ఇప్పుడు రెండూ కలిసిపోయి ఒకే ఊరిలా ఉంటాయి, గడియారాలు మాత్రం గంట తేడాతో నడుస్తాయి కనుక కొత్త సంవత్సరం అక్కడ రెండుసార్లు వస్తుంది. అటువంటి చోట, 2020లో కరోనా ఆంక్షలు వచ్చినప్పుడు, రెండు ఊళ్ల మధ్య కంచె లేచింది. అటువాళ్లు అటు, ఇటువాళ్లు ఇటు నిలబడి మాట్లాడుకున్నారు. వ్యాధి నివారణ అవసరాన్ని నేను కాదనడం లేదు. కానీ రోజువారీ జీవితం రెండు దేశాల్లోనూ అల్లుకున్న మనుషులు ఉన్నారన్న సంగతి, రాజధానుల్లో ఆదేశాలు రాసినప్పుడు ఎవరికి గుర్తుంది?

ఇలాంటి చిక్కులు విప్పడానికే, నార్డిక్ ప్రభుత్వాల ఉమ్మడి వేదికైన నార్డిక్ మంత్రుల మండలి 2014లో ఒక ప్రత్యేక మండలిని ఏర్పాటు చేసింది. ఏటా కొన్ని అడ్డంకులైనా తొలగించాలన్నది దాని లక్ష్యం. మంచి ప్రయత్నమే, కానీ చట్టసభలు కొత్తవి పుట్టిస్తూ ఉంటే పాతవి తొలగించి ఏం లాభం?

మీలో రేపు చట్టాల ముసాయిదాలు రాయబోయేవాళ్లు, వాటి మీద అభిప్రాయాలు చెప్పబోయేవాళ్లు ఉన్నారు. పన్ను, పింఛను, నిరుద్యోగ భృతి, గుర్తింపు సంఖ్య, వృత్తి అర్హత — వీటిలో దేని మీద ముసాయిదా వచ్చినా, అవతలి దేశంలో నివసిస్తూ ఇవతల పని చేసే మనిషి మీద దాని ప్రభావమేమిటో ఒక పేజీ జతచేయమని పట్టుబట్టండి. ఆ పేజీని పొరుగు దేశపు శాఖకు పంపి, జవాబు వచ్చాకే సభలో పెట్టమనండి.